మగమొక్కకు పెళ్ళిచూపులు

పరిశోధన తోట గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టులో ఆకుల బాబాయి నోరు విప్పాడంటే అందరి టీలూ చల్లారాల్సిందే. ముప్ఫై ఏళ్ళుగా ఆ తోటలో మాలి. ఆ సాయంత్రం గొంతు మరీ పెంచాడు. ఆపితే ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని ఆయన భయం.

"ఆ సైకాడ్ మొక్క, చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, ఈత మాత్రం కాదు, దాన్ని కొండమీంచి తెచ్చింది నేనే. చేతిసంచిలో!"

"చేతిసంచిలోనే?" అన్నాడు టీకొట్టాయన.

"సంచిలోనే బయల్దేరింది, దార్లో పెరిగి నా నెత్తిమీదికొచ్చింది! మగమొక్క కదా, దాని కంకి వేడెక్కుతుందయ్యా, ఆ వేడిమీద పదిమందికి టీ కాచా. వాసనకి పురుగులొచ్చి సూర్యుణ్ణి కమ్మేస్తే ఊరంతా పట్టపగలు దీపాలు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పండితులు దిగారు. ఆడమొక్క కాయ చూస్తేగాని ఇదేం జాతో తేల్చలేమన్నారు. దొరికిందేమో ఇదొక్కటే, అదీ మగది. సరే, పిల్లని చూడ్డానికి నేనే బయల్దేరా. ఒక్క పూటలో తొమ్మిది కొండలెక్కా. పదోది అడ్డొస్తే జరగవమ్మా అన్నా, జరిగింది! దాని వెనకాల ఆడమొక్క, ఒళ్ళంతా ఎర్రటి గింజలు, నన్ను చూసి సిగ్గుతో తల వంచుకుంది..."

అందరూ పగలబడి నవ్వారు. తోట జీపు నడిపే డ్రైవరు ఒక్కడే నవ్వలేదు.

"ఇక చాల్లే బాబాయ్," అన్నాడు మెల్లిగా. "పద్నాలుగుసార్లు వెళ్ళాం మనిద్దరం. ఆడమొక్క కాదుకదా, దాని ఆకు కూడా కనపడలేదు. పొద్దున ఆ మగదాన్ని కూడా మీరే తవ్వి తీశారుగా."

నవ్వులు ఆగిపోయాయి.

"మొదలు కుళ్ళిపోయిందిరా," అన్నాడు బాబాయి. "చెయ్యి పెడితే మెత్తగా లోపలికి పోయింది. ఒక్క పిలకన్నా ఉంటుందేమోనని మధ్యాహ్నందాకా మట్టి పిసికి చూశా. లేదు."

టీకొట్టాయన, ఏదో ఒకటి అనాలి కాబట్టి, అడిగాడు: "మరి తోట రిజిస్టర్లో దాని జాతి ఏమని రాశారు?"

"తేలలేదని," అన్నాడు బాబాయి. "ఇక తేలదు."