అంచున కురవని మంచు

ధ్రువపు మంచుపలకపై ఏటా నిలిచే మంచెంతో లెక్కగట్టిన గురువుగారి ప్రపంచ కంప్యూటర్ నమూనానూ, తన ప్రాంతీయ నమూనానూ కొత్త వ్యాసంలో పక్కపక్కన పెట్టి ఆయనకే చూపించిందామె. ఈ రోజు కోసమే ఆమె ఏళ్ల తరబడి కాచుకుని ఉంది.

“ఖండమంతటి సగటు చూపించు చాలు. రెండూ సరిపోతాయిగా!”

“ఎందుకు సరిపోవు సార్? అంచున తగ్గించిన మంచంతా లోపల కురిపించారు. మీ నమూనా నేలను విడగొట్టిన పెద్ద గడుల్లో అంచునున్న కొండవాలు చదునైపోయింది.”

“అంచుల్ని విడిగా చూపిస్తే నా పరువేం కావాలి?”

“అంచు లెక్క తప్పని అప్పట్లో నేనంటే, వ్యాసంలోంచి నా పేరు పీకేశారు.”

“పాత కక్షా?”

“పాతదే సార్. బాగా మాగింది.”

“అయితే ఈ వ్యాసంలోంచి నా పేరూ తీసెయ్.”

ఆమె తీరిగ్గా నవ్వింది.

“అయ్యో, అంత పాపం నేను చెయ్యను సార్. మొట్టమొదట మీ పేరే పెట్టాను.”