అడగడం తెలిసిన కౌంటరమ్మ

అందరూ వచ్చారు. ఆదివారం పూట పనులు మానుకుని వచ్చారు. కొందరు రెండు బస్సులు మారి వచ్చారు. బెంచీలు చాలలేదు, ఏమీ అనుకోకండి. వెనక నిలబడ్డవాళ్లు మెట్ల మీద కూర్చోవచ్చు, పొద్దున్నే కడిగించాం.

ఈ పశువుల ఆసుపత్రిలో నేను పంతొమ్మిదేళ్లుగా డాక్టర్‌ని. ఒళ్లో కుక్కపిల్ల లేకుండా, బుట్టలో పిల్లి లేకుండా, భుజం మీద చిలక లేకుండా ఇంతమంది ఈ హాల్లో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఈరోజు చూస్తున్నాను. ఎందుకు చూస్తున్నానో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మన కౌంటరమ్మ పోయింది. పదకొండు రోజులైంది. ఉదయం ఏడింటికి, ఇంట్లోనే, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలిందట. రెండేళ్లుగా గుండె సరిగ్గా లేదు. ఇలాంటిది ఏదో ఒకరోజు జరుగుతుందని డాక్టర్లు ముందే చెప్పారు. ముందే చెప్పినంత మాత్రాన మనం సిద్ధంగా ఉంటామా?

ముందు వరుసలో ఆవిడ భర్త ఉన్నారు. కౌంటరమ్మని నేను అక్కా అని పిలిచేదాన్ని, అందుకే ఆయన నాకు బావగారు. నలభై ఏళ్లు లేత్ మిషన్ దగ్గర నిలబడిన మనిషి, చెవులు కాస్త మందం. అందుకే స్పీకర్ పెట్టె ఆయన వైపు తిప్పాం. పక్కన ఆయన చెల్లెలు. ఆవిడ సంగతి తర్వాత చెబుతాను. చెప్పమని ఆవిడే అడిగారు. బావగారూ, మీ ఇంటి మనిషి గురించి మీ ముందే మాట్లాడుతున్నాను. ఎక్కడైనా తప్పు చెబితే మధ్యలోనే ఆపేయండి. అక్కయితే ఆపేసేది.

అమ్మలారా, అయ్యలారా! కౌంటరమ్మ ఉద్యోగం ఏమిటి? టోకెన్ ఇవ్వడం. జంతువు పేరు, వయసు రాసుకోవడం. ఫీజు తీసుకుని రసీదు ఇవ్వడం. అంతే. వైద్యానికి డబ్బు లేనివాళ్లకి సాయం వెతికిపెట్టడం ఆవిడ ఉద్యోగంలో లేదు. ఎవరూ చెప్పలేదు. నేనైతే అసలే చెప్పలేదు. మొదట్లో నాకది నచ్చలేదు కూడా.

నేను చేరిన మొదటి సంవత్సరం. చదువు కొత్త, పొగరు కూడా కొత్తే. మన సెలూన్ ఆయన, అదిగో ఆ కిటికీ పక్కన కూర్చున్నారు, కుక్కని రెండు చేతుల మీద మోసుకొచ్చారు. నీళ్ల లారీ చక్రం వెనక కాలి మీదుగా వెళ్లింది. ఎముక మూడు చోట్ల విరిగింది. ప్లేటు, స్క్రూలు, ఆపరేషన్, పది రోజులు వార్డులో ఉంచడం, అన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన చూశారు. మడిచారు. మళ్లీ విప్పి చూశారు. తర్వాత నా మొహం చూడకుండా, "ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చేయండి డాక్టరమ్మా" అన్నారు.

నేనేం చేశాను? సంతకం పెట్టించుకునే ఫారం కోసం బీరువా తెరిచాను. అది యజమాని నిర్ణయం అనుకున్నాను. అక్క కౌంటర్ దాటి వచ్చి బీరువా తలుపు మూసింది. నన్ను పక్కకి లాగి, "ఆయన అడిగింది చావు కాదు డాక్టరమ్మా. నా దగ్గర డబ్బు లేదు అని చెప్పడానికి ఆయనకి వేరే మాట దొరకలేదు" అంది.

నాకు కోపం వచ్చింది. టోకెన్లు ఇచ్చే మనిషి నాకు చెప్పడమా అనుకున్నాను. అక్క అక్కడితో ఊరుకోలేదు. ఇంతకంటే తక్కువలో కుక్క బతికే దారి లేదా అని అడిగింది. ఉంది. కాలు తీసేస్తే సరిపోతుంది. ఖర్చు మూడో వంతు. రెండు వారాల్లో కుక్క మూడు కాళ్ల మీద పరిగెడుతుంది. ఆ సంగతి నేను ఆయనకి చెప్పనే లేదు. ఎందుకు చెప్పలేదు? కాలేజీలో అన్నిటికంటే మంచి వైద్యం చెప్పడం నేర్పారు గనక. అప్పుడు అక్క అన్న మాట ఇది: "మంచిది చెప్పారు, సరే. సరిపోయేది కూడా చెప్పండి."

ఆ మూడో వంతు కూడా ఆయన దగ్గర లేదు. అక్క ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. మీ షాపుకి క్రమం తప్పకుండా ఎంతమంది వస్తారు అని అడిగింది. ఓ నలభై మంది అన్నారు. ఆ కుక్క నాలుగేళ్లుగా షాపు గుమ్మంలోనే పడుకుంటుంది. దాన్ని దాటుకుని లోపలికి వెళ్లనివాడు ఆ నలభై మందిలో ఒక్కడైనా ఉన్నాడా? "సాయం చేయమని ఎవర్నీ అడగొద్దు. జరిగింది చెప్పండి. ఆరు కటింగులకి డబ్బు ముందే ఇవ్వమనండి" అంది. మొదటి ఆరు కటింగుల డబ్బు అక్కడికక్కడే మా కంపౌండర్ ఇచ్చాడు. మా కంపౌండర్‌ని చూశారుగా? అప్పటికే నున్నటి బట్టతల. ఆ ఆరు కటింగులు అయ్యేసరికి నాలుగేళ్లు పట్టిందట. నవ్వండి, ఫర్వాలేదు. అక్క కూడా నవ్వేది.

కుక్క ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది, మూడు కాళ్ల మీద, అదే గుమ్మంలో.

ఆ రోజు నుంచి నేను ఒక అంచనా కాగితం కాదు, రెండు రాస్తున్నాను. కొన్నిసార్లు మూడు.

తర్వాత తర్వాత అక్క ఈ పనిలో ఆరితేరింది. ఏ సంస్థ ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి సాయం ఇస్తుంది, ఏది ఆపరేషన్లకి మాత్రమే ఇస్తుంది, వెటర్నరీ కాలేజీలో ఏ రోజున పెద్ద ప్రొఫెసర్ సగం ఫీజుకి చూస్తాడు, అన్నీ నోటికి వచ్చేవి. వైద్యం అయిపోయాక అడిగితే ఏ సంస్థా ఇవ్వదని, ముందే అడగాలని కనుక్కున్నదీ ఆవిడే. నా చేత ఉత్తరాలు రాయించేది. ఒక మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోయింది. నేను చదివిందంతా గుప్పించి పేజీన్నర రాశాను. అక్క చదివి వెనక్కిచ్చింది. "ఇది చదివితే మీరైనా డబ్బిస్తారా?" అంది. తనే చెప్పి రాయించింది: పిల్లికి రెండు రోజులుగా ఒంటికి రావడం లేదు. ఇంకొక్క రోజు ఇలాగే ఉంటే చనిపోతుంది. గొట్టం వేసి నాలుగు రోజులు ఉంచుకుంటే బతుకుతుంది. ఖర్చు ఇంత. ఇంటాయన రోజు కూలికి రంగులు వేస్తాడు, ఇందులో ఇంత తెచ్చాడు. అంతే, అయిదు వాక్యాలు. సాయంత్రానికల్లా సాయం వచ్చింది.

అయితే, మిత్రులారా, చనిపోయారు కదా అని అన్నీ మంచే చెబితే అది అక్క గురించి మాట్లాడినట్టు కాదు. ఆవిడ తప్పు కూడా చేసింది. ఆ తప్పు ఎవరి విషయంలో జరిగిందో ఆ మనిషి ఇక్కడే ఉన్నారు. చెప్పడానికి వారి అనుమతి తీసుకున్నాను.

మన టైపు టీచర్ గారు. రిటైరయ్యాక మేడ మీద ఒక గదిలో ఒక్కరే ఉండేవారు, ఒక ముసలి పిల్లితో. పిల్లి కిడ్నీలు పాడయ్యాయి. రోజూ సెలైన్ ఎక్కించాలి. టీచర్ గారు మూడు రోజులు తీసుకొచ్చారు, నాలుగో రోజు రాలేదు. ఎందుకు రాలేదో అక్కకి అర్థమైంది. టీచర్ గారికి చెప్పకుండా వాళ్ల వీధిలో కిరాణా కొట్టుకి వెళ్లింది, మందుల షాపుకి వెళ్లింది, ఆవిడ దగ్గర టైపు నేర్చుకున్న ఇద్దరు ముగ్గుర్ని పట్టుకుంది. అందరూ ఇచ్చారు. ఆ డబ్బు మాటెత్తకుండా, ఆసుపత్రి ఖర్చు భరిస్తుందని టీచర్ గారికి కబురు పంపింది. పిల్లి మళ్లీ సెలైన్‌కి వచ్చింది.

అయిదారు రోజుల తర్వాత కిరాణా కొట్టాయన మంచి మనసుతోనే అడిగాడు, మీ పిల్లికి ఎలా ఉందండీ, మేమూ తలా కాస్త వేసుకున్నాం అని. టీచర్ గారు తిన్నగా ఇక్కడికి వచ్చారు. ఈ హాలు నిండా జనం. కౌంటర్ ముందు నిలబడి, గొంతు పెంచకుండా అన్నారు: "పిల్లిని బాగుచేయమని తెచ్చానమ్మా. నా పరువు వీధిలో పెట్టమని కాదు."

అక్క మొహంలో రక్తం లేదు. ఆ రోజు నుంచి తొమ్మిదో రోజున పిల్లి చనిపోయింది. కిడ్నీలు అంత పాడయ్యాక అదే జరుగుతుంది. అయినా ఆ తొమ్మిది రోజులూ టీచర్ గారికి అవమానంతోనే గడిచాయి. మిగిలిన డబ్బు అక్క ఎవరిది వాళ్లకి తిరిగిచ్చి, టీచర్ గారింటికి వెళ్లింది. తలుపు తీయలేదు. మళ్లీ వెళ్లింది. తీయలేదు. మూడోసారి తీశారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అడగలేదు. అక్క నాతో అన్నది ఇంతే: "తప్పు నాదే డాక్టరమ్మా. ఊరందర్నీ అడిగాను, ఆవిణ్ణి అడగలేదు."

మరి ఏమైంది? నెల తిరిగేసరికి టీచర్ గారే ఇక్కడికి వచ్చి, "సరిగ్గా చేయడం చేతకాకపోతే నన్ను పిలవండి" అన్నారు. అలా మన సహాయ నిధి మొదలైంది. అక్క, కంపౌండర్, టీచర్ గారు, ముగ్గురూ కలిసి చూస్తారు. అడిగినవాళ్ల పేరు ఆ గది దాటి బయటికి రాదు. దాతలకి జంతువు పేరు, జబ్బు, ఖర్చు, ఇవే తెలుస్తాయి. ఎవరికైనా ఖర్చులో సగం వరకే ఇస్తారు. ఈ పన్నెండేళ్లలో ఎన్ని దరఖాస్తులు టైపు చేశారో టీచర్ గారికే తెలియాలి. ఇక్కడున్నవాళ్లలో ఎవరెవరు ఆ సాయం తీసుకున్నారో నేను చెప్పను. మీరూ చెప్పక్కర్లేదు.

ఇక చివరి సంగతి. పోయిన ఏడాదిది.

అక్క రోజూ లాగే పనికి వచ్చింది. టోకెన్లు ఇస్తోంది. మధ్యాహ్నం కంపౌండర్ నా గదిలోకి వచ్చి, బావగారు ఫోన్ చేశారని చెప్పాడు. వాళ్ల కుక్క, దాని పేరు బొగ్గు, రెండు రోజులుగా అన్నం తినడం లేదు, నీళ్లు మాత్రం ఆపకుండా తాగుతోంది, పొట్ట ఉబ్బింది. పదేళ్ల ఆడకుక్క. గర్భసంచిలో చీము పట్టి ఉంటుందని వినగానే అనుకున్నాను. అదే అయితే వెంటనే ఆపరేషన్ చేయాలి, లేకపోతే ప్రాణం పోతుంది. ఈ లక్షణాలు అక్కకి తెలియవా? ఇరవై ఏళ్లుగా ఆ కౌంటర్లో వింటున్న మనిషి! నేను బయటికి వచ్చి అందరి ముందూ అరిచాను. ఎందుకు చెప్పలేదు అన్నాను.

"చెబితే ఊరికే చేస్తారు. అందుకే చెప్పలేదు" అంది.

అవును, ఊరికే చేస్తాను, తప్పేంటి అన్నాను. అక్క గొంతు తగ్గించింది. "రేపు ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లకి నేనేం చెప్పను డాక్టరమ్మా? నాకైతే ఊరికే, మీకైతే దరఖాస్తా?"

అప్పటికి తన గుండె మందులకే సగం జీతం పోతోంది. బావగారు బొగ్గుని ఇక్కడికి తెచ్చేలోపు మేమందరం గట్టిగా పట్టుబడితే దరఖాస్తు రాసింది. టీచర్ గారు చదివి తిప్పి పంపారు. ఇంట్లో ఇతర ఖర్చులు అన్నచోట అక్క ఏమీ రాయలేదు. మనుషుల మందులు కూడా ఖర్చే, రాసి ఇవ్వండి అన్నారు. రాసింది. నిధి నుంచి సగం ఇచ్చారు. టీచర్ గారు మొత్తం ఇద్దామన్నారు, అక్క ఒప్పుకోలేదు.

మిగతా సగం ఎక్కడినుంచి వస్తుంది? సాయం చేయగలిగినవాళ్లు ఆ ఇంటికి ఒక్కరే ఉన్నారు, బావగారి చెల్లెలు. ఆ వదినామరదళ్లకి నాలుగేళ్లుగా మాటల్లేవు. ఎందుకు లేవో అప్పటికే ఇద్దరికీ సరిగ్గా గుర్తు లేదు. అక్క ఈ కౌంటర్ ఫోనే చేతిలోకి తీసుకుంది. పెట్టేసింది. మళ్లీ తీసుకుంది. తర్వాత నాతో అంది: "ఇన్నేళ్లు జనాన్ని ఇక్కడ కూర్చోబెట్టి అడగండి, అడగండి అన్నాను. అదెంత కష్టమో ఇవాళ తెలిసింది."

ఆవిడ రెండు గంటల్లో వచ్చారు. అప్పటికి నేను ఆపరేషన్ చేస్తున్నాను. డబ్బు కవరు కౌంటర్ మీద పెట్టి, "నీకు ఒంట్లో బాగోలేదని ఊళ్లోవాళ్లు చెబితే విన్నాను వదినా. కుక్క కోసమైనా ఫోన్ చేశావు, అదే పదివేలు" అన్నారట. ఇద్దరూ ఆ రెండో బెంచీ మీదే కూర్చున్నారు. నేను చేతులు కడుక్కుని వచ్చి కుక్క బాగుందని చెప్పేసరికి, నా మాట సగమే విన్నారు. నాలుగేళ్ల కబుర్లు ఉన్నాయి మరి.

ఆవిడ మళ్లీ తన ఇంటికి వెళ్లలేదు, అక్క దగ్గరే ఉండిపోయారు. అక్క ఆఖరి పది నెలలూ మందులు వేళకి ఇచ్చింది ఆవిడే, వెన్ను రుద్దింది ఆవిడే, ఆ ఉదయం కాఫీ ఇచ్చిందీ ఆవిడే. బొగ్గు బాగుంది. అప్పుడు కుట్లు వేసిన చోట నిన్న చూశాను, వెంట్రుకలు పూర్తిగా వచ్చేశాయి. అన్నం సరిగ్గా తినడం లేదని బావగారు అన్నారు. తింటుంది బావగారూ, ఇంకొన్ని రోజులు పడుతుంది.

నిధి ఎప్పటిలాగే నడుస్తుంది. అక్క స్థానంలో ఉండటానికి సెలూన్ ఆయన ఒప్పుకున్నారు. దరఖాస్తులు సోమవారం నుంచి మళ్లీ తీసుకుంటారు. నాకు ఇంతకంటే చెప్పడం రాదు.

ఇప్పుడు దయచేసి అందరూ లేచి నిలబడండి. బావగారూ, మీరు కూర్చునే ఉండండి, మోకాళ్లు ఇబ్బంది పెడతాయి. ఫోన్లు ఆపేయండి. రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. వెనక వార్డులో నాలుగు కుక్కలున్నాయి, వాటికి మనం చెప్పలేం. మొరిగితే మొరగనివ్వండి. ఎవరూ వాటిని అదిలించకండి, అక్క ఈ హాల్లో ఏ జంతువునీ నోరు మూసుకోమని అనలేదు.

లేవండి.