బాబులకు తప్పెట లేదు

బిలాస్‌పూరు, తార్‌బహార్. రైల్వే సమ్మె జరిగి మూడేళ్ళయింది. లోకో షెడ్డులో బాయిలరు పనివాడు అప్పలస్వామి, ఆఫీసులో గుమాస్తా పరీక్షకు వెళ్ళి వచ్చిన కొడుకు సూర్యం. వంటింట్లో తల్లి అప్పలకొండ.

"అది కాదురా సూర్యం, సాహెబు ఏటడిగినాడో సెప్పు."

"అడిగినాడయ్యా. ఏటేటో అడిగినాడు."

"ఆ ఏటేటో ఏటి?"

"పేరడిగినాడు. ఊరడిగినాడు. నీ పేరడిగినాడు."

"నా పేరు ఇని ఏటన్నాడు?"

"దగ్గినాడు."

"దగ్గుతాడు. సమ్మెలో ఆడి బంగళా ముందు కూకున్నది నానే గదా. అది ఒగ్గేయ్. లెక్కలిచ్చినాడా?"

"ఇచ్చినాడు."

"సేసినావా?"

"సేసీసినాను. బస్, అయిపోనాది. ఆకలేస్తన్నాదయ్యా."

"అప్పలకొండా, ఈడికి కూడెట్టు. ఆగు, ఆగు. ఆ సెయ్యి సూపించు."

"ఏ సెయ్యి?"

"ఎనక్కెట్టుకున్నది. ఆ సిరా ఏటి?"

"కలం కారినాది."

"కలం కారితే ఏళ్ళ సందున అంటుకోవాల. బొటనేలి పొట్టకి గుండ్రంగా అంటుకుంటాదేట్రా?"

"అంటుకున్నాది మరి."

"ఏలిముద్రేసినావా?"

"ఒక్కటే."

"అప్పలకొండా, ఇలగ రాయే. నీ కొడుకు ఏడు క్లాసులు సదివి ఏలిముద్రేసొచ్చినాడు."

"కంగారులో పేరు మర్సిపోయుంటాడు మావా. తెల్లోడి ముందర నాకూ నోరు రాదు."

"మర్సిపోనేదమ్మా. సంతకమెడితే గుమాస్తా పని అంటగట్టీస్తారని ముద్రేసినాను. కిలీనరు పనికి పేరిచ్చినాను. సోమారం నుంచి డూటీ."

"కిలీనరా? ఇంజిన్ల కింద దూరి మసి తుడుస్తావా? పంకా కింద కూకోవాల్సినోడివి, ఎందుకురా?"

"తప్పెట కోసం."

"ఏ తప్పెట?"

"నీ తప్పెటేనయ్యా. తోర్వాలో అమ్మోరి పండక్కి తప్పెట గుండెకి కట్టుకోని జట్టుకి ముందు నువ్వు ఆడతావు. ఆరేళ్ళ గుంటడిగా ఉన్నప్పట్నుంచీ నీ ఎనక గంతులేస్తన్నాను. నాకూ కట్టాలని ఉన్నాది. షెడ్డు మసి అంటనోడు తప్పెట ముట్టుకోకూడదు, ఆఫీసు బాబుకి అసలే నేదు అని రూలెట్టింది ఎవులు?"

"అది ఆ ఆఫీసు గుమాస్తా గోవిందరావు కోసమెట్టినాను. సమ్మెలో మన పేర్లన్నీ రాసి సాహెబుకిచ్చినాడు. సాయంత్రమయితే సిగ్గు నేకుండా మనతోటే గజ్జె కట్టీవోడు."

"గోవిందరావని అన్నేదు గదా. కుర్సీలో కూకున్నోడెవుడైనా అన్నావు. అమ్మోరి ముందర పదారు మందికీ పసుపు నీళ్ళు తాగించి ఒట్టేయించినావు."

"కొడుకునంటానేటి?"

"అన్నావు. నీ కొడుకే బాబయితే అని ఎర్రయ్య సిన్నాన్న అడిగినాడు. నా కొడుకైనా అంతే అన్నావు."

"అప్పుడు కోపమ్మీదున్నాను."

"కోపమ్మీదున్నప్పుడే నిజం మాటాడతానని నువ్వే అంటావు."

"తప్పెట కూడెడతాదేట్రా?"

"కూడు షెడ్డెడతాది. ఆఫీసుకెల్తే కూడొక్కటే, షెడ్డుకెల్తే రెండూ. పదేళ్ళలో నీలాగ జట్టుకి గురువునవుతాను. నాగపూరు దాకా షెడ్డు షెడ్డుకీ ఆడతాం."

"డ్రైవరునవుతానని మాత్రం నోట్లోంచి రాదు."

"డ్రైవరు పండగ రోజున లైన్లో ఉంటాడు. పనికిరాదు. ఫిట్టరునవుతాను. ఫిట్టరు సాయంత్రానికి ఇంటికొస్తాడు."

"అన్నీ లెక్కేసుకున్నావే."

"ఏడు క్లాసులు సదివించినావు గదయ్యా."

"ఇన్నావా అప్పలకొండా? గుమాస్తా బుర్ర. తీస్కెళ్ళి మసిలో పారేసినాడు."

"ఆడి మీద అరుస్తావేటి మావా? రూలు నువ్వెట్టిందే గదా, నువ్వే తీసీ."

"నిన్ననే అడిగినాను."

"ఎవుల్ని?"

"జట్టునే. పదారు మందీ ఒప్పుకుంటేనే రూలు మారాలని ఒట్టు. అందరూ సరే అన్నారు. ఎర్రయ్య ఒక్కడూ ఒప్పుకోనేదు."

"నిన్ననే అడిగినావా అయ్యా? నా పరీక్ష ఇయ్యాలయితే?"

"ముందుగా అడిగితే తప్పేటి?"

"తప్పని ఎవులన్నారు? నా కోసం నువ్వు జట్టుని బతిమాలినావంటే, నాకు తెల్దు గదా. తెలిస్తే..."

"తెలిస్తే సంతకమెట్టీవోడివా?"

"ఎట్టీవోణ్ణి కాదు. ఎర్రయ్య సిన్నాన్న ఒప్పుకోనేదు గదా."

"ఆడి సంగతి సూస్తాను. రేపు పొద్దున్నే ఆడింటికెల్లాల."

"ఇంకెందుకెల్లడం? నాను షెడ్డోణ్ణయిపోనాను. సోమారం సాయంత్రం నీ సేత్తో నా గుండెకి తప్పెట కట్టీ. అచ్ఛా?"

"కాళ్ళయినా పట్టుకుంటాను. ఒప్పుకోపోతే ఆడి గుమ్మంలో కూకుంటాను."

"సాహెబు ముందరే వొంగనోడివి, నా కోసం ఎర్రయ్య సిన్నాన్న కాళ్ళట్టుకోడమేటయ్యా? నా పని అయిపోనాది గదా."

"నీ కోసం ఎవుడట్టుకుంటాడ్రా? నా కళ్ళు బాయిలరు పనికి సాలవని డాక్టరు రాసీసినాడు. ఒకటో తారీకు నుంచి టైమాఫీసులో కుర్సీ నాకేసినారు."