హయాత్ మాస్టారి పదహారు ట్రాంబోన్లు

ఏ హయాత్ అంటావేంటమ్మా తేజా, వినుకొండ చుట్టుపక్కల ఇన్ని పెళ్లిళ్లు ఊరేగించిన బ్యాండు మాస్టారు ఇంకెవరున్నారు? కూర్చో, ఫ్యాను కిందకి రా. ఆయన పోయి ముప్పయ్యేళ్లు దాటిందిలే. మనిషి బక్కపలచన, మీసం మాత్రం ఇద్దరికి సరిపోయేది. మీ తాత పెళ్లికీ ఆయనే వాయించాడు. మీ తాత మధ్యలో గుర్రం దిగి పారిపోబోయాడు గానీ, అది బ్యాండు తప్పు కాదు. ఆఁ, ఏం చెబుతున్నా? మిషన్ బడి మూసేస్తూ అక్కడి ట్రాంబోన్లు పదహారూ ఈయనకిచ్చేశారు. అదే, ముందుకీ వెనక్కీ లాగే పొడుగు బాకా. ఆయనకి సంగీతం నేర్పిన రెబ్కా టీచరుగారు ఆ నెలాఖరుకి సింగరాయకొండలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. ఆవిడ దగ్గర ఓ రికార్డుండేది, వందమంది కలిసి వాయించే సింఫనీ. నలభయ్యేళ్లు అదే పెట్టుకుని వింది, మనుషులు ఎదురుగా వాయిస్తే ఒక్కసారీ వినలేదు. "బస్సెక్కేలోపు వినిపిస్తానండీ" అని ఈయన మాటిచ్చేశాడు. ఆవిడ నమ్మేసింది. అదీ వచ్చిన తంటా.

వయొలిన్లు లేవు, ఫ్లూట్లు లేవు. ఉన్నవి పదహారు ట్రాంబోన్లు, వాటి వెనక మాలాంటి పత్తి ఏరే మొహాలు. మాస్టారు రికార్డు వింటూ నోటుబుక్కులో సరిగమలు రాసుకునేవాడు. ఫ్లూటు పాట రహమాన్‌కిచ్చాడు, పెదాలు బిగిస్తే పైస్వరాలు వాడికే పలికేవి. ఇంట్లో పెళ్లాం నజ్మీన్ ముందు మాత్రం ఏ స్వరమూ పలికేది కాదు. డ్రమ్ముల వంతు లావుగా ఊదే నలుగురికి. వయొలిన్ల పరుగు దగ్గరే ఆగిపోయాం. మేం గొట్టం లాగేలోపు పాట నరసరావుపేట దాటిపోయేది. ఓ రోజు ఎవరింటి దగ్గరో కూలీలు వరసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చుకోవడం చూసి మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, ఎవడూ పాటంతా ఊదక్కర్లేదు! మనిషికో స్వరం. వంతు రాగానే ఊదు, పక్కోడికి అందించు. పేరయ్యా, నీకు 'ని' ఒక్కటే. అదన్నా సరిగ్గా ఊది చావు!"

పదహారు గొట్టాలు బార్లా లాగితే ముందోడి వీపు పగులుద్ది కదా, అంత ఖాళీ ఎక్కడ? మా మిరపకల్లం ఉందన్నాను. తెలివైన సలహా అని అందరూ మెచ్చుకున్నారు కూడానూ. ఊరొదిలే రోజున టీచరుగారు వచ్చి కుర్చీలో కూర్చుంది. మాస్టారు చెయ్యెత్తాడు. అందరం గుండెల నిండా గాలి పీల్చాం. ఎండుమిరప ఘాటు, అమ్మాయ్! పదహారుమందిమీ ఒక్కసారే దగ్గాం. సాధన చేసినన్నాళ్లూ అంత కలిసికట్టుగా ఎప్పుడూ మొదలెట్టలేదు. మాస్టారి మొహం కడిగిన పలకైపోయింది. టీచరుగారు కళ్లు తుడుచుకుంటూ లేచింది. అయిపోయింది, వెళ్లిపోతోంది అనుకున్నాం. "గాలి ఎటు తోలుతోందో చూసుకోవద్దా హయాత్?" అని కుర్చీ తనే మోసుకుని కాయలకి అవతల, గాలి వచ్చే వైపున వేసుకుంది. మేమూ అటు మారాం.

ఈసారి లేచింది చూడు! ఆ పరుగు రహమాన్ దగ్గర్నుంచి నా దగ్గరికొచ్చింది, నా 'ని' నేను ఊదాను, అవతలికి వెళ్లిపోయింది. ఒక్క స్వరమే, అయినా పాటంతా నేనే వాయించినట్టుంది. అవతలోళ్లూ అలాగే చెప్పుకుంటారు, నమ్మకు. అయిపోయింది. మాస్టారు నేల చూస్తున్నాడు. రోడ్డు మీద సింగరాయకొండ బస్సు హారన్ కొడుతోంది. టీచరుగారు అటు తిరగనైనా లేదు.

"హయాత్, మళ్లీ మొదట్నుంచి" అంది.

...

నీ ఫోను మోగుతోందమ్మా, తియ్యి.