ఆయనే మాట్లాడాలి

కూరగాయల మార్కెట్లో వేలం పాడితే పక్క వీధి దాకా వినపడే మనిషికి గొంతు ఆపరేషనై మాట పోయింది. వికలాంగుల పెన్షన్‌కి అర్జీ పెట్టి ఏడాది దాటింది. ఆఫీసుకి ఫోన్లు చేసి చేసి విసిగిపోయిన భార్యకి ఇవాళ, ఎవరి పుణ్యమో, లైను దొరికింది.

“మా ఆయన అర్జీ ఎందాకా వచ్చింది బాబూ?”

“మీకు చెప్పకూడదమ్మా. ఆయనే మాట్లాడాలి. తన నోటితో పేరు, పుట్టినతేదీ చెబితేనే ఫైలు తెరుస్తాం.”

“నోట మాటుంటే మీతో పనేంటి? మాట పోయిందనేగా అర్జీ!”

“అదంతా ఫైల్లో ఉంటుందమ్మా. ఫైలు తెరవాలంటే మాత్రం ఆయన మాట్లాడాలి.”

“బాగుంది! పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళవదు!”

“రూలమ్మా. నా చేతుల్లో ఏముంది?”

“సరే, ఇస్తున్నా. ఏవండీ, పేరు చెప్పండి. మెల్లిగానే చెప్పండి.”

ఆమె ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది. వేలంలో ఆఖరి పాటప్పుడు ఉబ్బినట్టే ఆయన మెడనరాలు ఉబ్బాయి.

“హలో? హలో? ఏం వినపడట్లేదమ్మా. ఉత్త గాలి.”

“గాలి కాదు బాబూ. అది ఆయన పేరు.”

“‘అర్జీదారు మాట్లాడలేదు’ అని రాసేస్తున్నానమ్మా.”

“రాయండి నాయనా, కొట్టేయకుండా రాయండి. ఏడాదిగా మేం మొత్తుకుంటున్నది ఆ ఒక్క ముక్కే!”