చివరి కుర్చీ

ఆ పాత భవనంలో లోగిలికి ఆనుకుని ఉన్న గది ఇంకో నెలలో చిన్న బార్ కాబోతోంది. దాన్ని డిజైన్ చేసిన కూతురు, కౌంటర్ చేసిన వడ్రంగి తండ్రిని చివరి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన తాగుడు మానేసి తొమ్మిదేళ్లయింది. ఏమంటాడోనని ఆమె ఆయన ముఖం వైపే చూస్తోంది.

"సీసాలు నీ వెనక్కి పోయాయి నాన్నా. ఎదురుగా లోగిలే. అందుకే కౌంటర్ ఇక్కడ వంచమన్నాను."

"చెక్క దండగని తిట్టుకున్నాను."

"తెలుసులే. ఈ కుర్చీ తాగని వాళ్లకి. ప్రారంభం రోజు నువ్వే కూర్చోవాలి."

"మీ అమ్మకి ఇది బార్ అని చెప్పావా?"

"హోటల్ అన్నాను."

ఆయన నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"ఇక్కడ కూర్చోలేను తల్లీ."

"ఎందుకు?"

"నిన్న పక్క గోడకి బిగించారే, ఆ అద్దం. నా వెనకున్న సీసాలన్నీ అందులో కనిపిస్తున్నాయి. నువ్వు నిలబడి చూసుంటావు, అందుకే నీకు తెలీలేదు. నా కన్ను కూర్చోగానే అటే పోయింది."

"మూడు నెలలు గీశాను, నా బుర్ర తగలెయ్య! తీయించేస్తాను."

"తీస్తే గది ఇరుగ్గా కనిపిస్తుంది. ఆగు."

ఆయన లేచి, అద్దం అంచు వెనక ఓ చెక్కముక్క దూర్చి, కొంచెం లోగిలి వైపు తిప్పాడు.

"ఇప్పుడు నువ్వు కూర్చుని చూడు."

"సీసాలు లేవు. లోగిలి రెండు చోట్ల కనిపిస్తోంది నాన్నా!"

"అయితే పక్కన ఇంకో కుర్చీ వెయ్యి. ఇది హోటల్ కాదని మీ అమ్మకి నేనే చెప్పి తీసుకొస్తా."