రూపాయికి ఆరు

పొందూరులో ఖద్దరు చీరలమ్మే ఆమె దుకాణానికి, ఆన్‌లైన్‌లో ఆమె ప్రకటనల పని ఫీజు తీసుకుని చూసిపెట్టే బావ విజయనగరం నుంచి వచ్చి లాప్‌టాప్ తెరిచాడు.

“యాడ్‌కి పెట్టిన రూపాయికి మూడు రూపాయల అమ్మకం వచ్చింది సూడు. అందరూ పెట్టుకునే టార్గెట్టే ఇది. ఇంకేటి కావాలి?”

“అందరి సరుకూ మిల్లుది బావా, ఆళ్లకి మిగిలేది ఎక్కువ. నా చీర నాలుగు వేలు. అందులో మూడు వేలు నూలు తీసినోళ్లకీ నేసినోళ్లకీ పోతాది. మిగిలేది వెయ్యి. రూపాయికి మూడంటే చీరకి నీ యాడే పదమూడొందలు తినేస్తంది. చీర అమ్మి ఎదురు డబ్బులిస్తన్నాను.”

“అయితే నూలోళ్ల కూలి కొంత తగ్గించు.”

ఆమెకు ఒళ్లు మండింది. వాలుగ చేప దవడ పళ్లనే దువ్వెనగా పట్టి దూది ఏకే ముసలి చేతులు కళ్లముందు కదిలాయి. లాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, టార్గెట్‌లో మూడు చెరిపి ఆరు కొట్టింది.

“ఆరా? ఆర్డర్లు సగానికి పడిపోతాయే.”

“పడిపోనీ. రూపాయికి ఆరంటే చీరకి యాడ్ ఏడొందల లోపే. వచ్చిన సగంలో నాకు నాలుగు రాళ్లు మిగుల్తాయి.”

“అసలు రాకపోతేనో?”

“యాడ్ ఆపేస్తాను. ఇంకోపాలి కూలి మాటెత్తావంటే మాత్రం, ముందు నీ ఫీజు కోస్తాను బావా.”